పంపు కాడ మనిషెందుకంట!

"సెన్సర్ పెట్టి ఫోన్‌కి అలర్ట్ పంపిస్తే పోయేదానికి షిఫ్టుకో మనిషెందుకు?" ఈ మాట మన ఐటీ జనం నోట మహా తేలిగ్గా వస్తోంది. మాది నస్పూర్, శ్రీరాంపూర్ బాయిల పక్క. పంపు నడపటం అన్‌స్కిల్డ్ పని అంటే నాకు ఒళ్ళు మండుతది.

అసలు సెంట్రిఫ్యూగల్ పంపు నీళ్ళని "పీల్చదు" సార్లూ. అది లోపల ఒత్తిడి తగ్గిస్తే బయటి గాలి బరువే నీళ్ళని పైకి తోస్తుంది. లెక్క ప్రకారం 10.3 మీటర్లు, నిజంగా నడిచే పంపుకి 6-7 దాటితే కష్టం. సంపులో మట్టం అంతకన్నా దిగాక ఎంత హార్స్‌పవర్ మోటారు పెట్టినా దండగే. (ర్యామ్ పెంచితే అన్నీ బాగైతయనుకునే మనకి ఇది ఎక్కదు లెండి :))

మోటారు తిరుగుతోంది, నీళ్ళు రావట్లేదు, అమ్మీటర్ ముల్లు కిందికి పడింది. మన స్క్రీన్ మీదేమో "రన్నింగ్" అని పచ్చలైటు! గాలి పట్టిందా, ఫుట్ వాల్వ్ కారుతోందా, స్ట్రైనర్‌కి బొగ్గు బురద పట్టిందా? కంకర పోసినట్టు గరగరమంటే అది కావిటేషన్, ఇంపెల్లర్‌ని తినేస్తుంది. గ్లాండ్ దగ్గర చుక్క చుక్క కారాల్సిందే. లీకేజీ అనుకుని బిగించేస్తే ప్యాకింగ్ మాడి షాఫ్టు అరుగుతుంది. పాత ఖలాసీ ఇవన్నీ చెవితో, అరచేత్తో పట్టేస్తాడు.

మనకి తెలిసిన వైద్యం ఒకటే... రీస్టార్ట్. సర్వర్‌కైతే నడుస్తది. డైరెక్ట్‌గా స్టార్టయ్యే మోటారు ప్రతిసారీ అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది, వెంటవెంటనే కొడుతూపోతే వైండింగ్ కాలుతుంది. గాలి పట్టిన పంపు ప్రైమింగ్ చెయ్యందే వందసార్లు ఆపి పెట్టినా నీళ్ళెత్తదు.

సెన్సర్లు వద్దనట్లేదు. బేరింగ్ వేడిని రాత్రంతా రెప్పార్పకుండా చూడటం మనిషి వల్ల కాదు, ఒప్పుకుంటా. అలారం మోగాక వాల్వు దగ్గరికి నడిచేదెవరన్నదే నా గొడవ. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. అలా మీద పడే నీటిని ఏ పంపూ ఆపలేదు, నిజమే. 2022 జూలై వరదకి కన్నెపల్లి, అన్నారం పంపుహౌస్‌లే మునిగాయి. కానీ బాయిలో రోజూ ఊరే నీళ్ళున్నాయే, అవి తోడుతున్నంత సేపే కింద పని.

అలర్టు కోడ్ రాసేవాళ్ళు ముందు ఓ నైట్ షిఫ్టు ఖలాసీ పక్కన కూర్చోండి. "సప్పుడు మారింది" అని ఆయన చెప్పేదాన్ని మీ డేటాబేసులో ఏ కాలమ్‌లో వేస్తారో తర్వాత మాట్లాడుకుందాం.