గవ్వ నగకు రసీదు

శ్రీవిజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన నగరంలో, గవ్వ నగలు చేసి మేళాల్లో అమ్మే పనివారి వేసవి బేరం కొద్దికాలమే సాగుతుంది. నైరుతి రుతుపవనాలు సాధారణంగా మే మూడో వారానికే అండమాన్ దీవులను తాకుతాయి, ఆ వెంటనే పర్యాటకులు పలచబడతారు. ఈ కొద్దిపాటి గడువులో అమ్ముడుపోయే సరుకు వెనుక శ్రమ తక్కువేమీ కాదు: గోపురం ఆకారంలో ఉండే ట్రోకస్ గవ్వ పైనున్న గరుకైన ఎర్రచారల పెంకును అరగదీస్తే తప్ప దాని కింది ముత్యపు పొర, అంటే సున్నపు పదార్థం సన్నని పలకలుగా పేరుకుని వెలుతురును విరజిమ్మే లోపలి పూత, బయటపడదు. అయితే నాటిలస్ సహా కొన్ని గవ్వ జాతులను, పగడాలను 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు షెడ్యూళ్లలో చేర్చినప్పటి నుంచి ఏ గవ్వ ఎక్కడిదన్న ప్రశ్న నగ నాణ్యతంత ముఖ్యమైంది. చట్టం సబబే, సముద్రం తరగని గని కాదు. కానీ స్టాలుకు అద్దె పుచ్చుకునే మేళా నిర్వాహకులు జాతి పేరు, అనుమతి వివరాలు రాసిన పలక ఒక్కటైనా పెట్టించకుండా గవ్వ ఎక్కడిదో చూపే భారమంతా పనివారి మీదికే నెట్టడం న్యాయం అనిపించుకోదు. కొనేవారు కూడా ధర తగ్గించమని అడిగే ముందు, గవ్వ జాతి పేరు రాసిన రసీదు అడిగి తీసుకోవాలి.