కిస్సా ఖ్వానీ బజారులో ముందు జరిగిందేమిటి?

కిస్సా ఖ్వానీ అంటే కథలు చెప్పేవారి బజారు. పెషావర్‌లోని ఆ వీధిలో 1930 ఏప్రిల్ 23న జరిగిన కాల్పులకు మాత్రం నేటికీ ఒకే కథ లేదు. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ తదితరుల అరెస్టు, గుమిగూడిన జనం, సాయుధ శకటాలు: ఇంతవరకు పేచీ లేదు. చిక్కంతా వరుసలోనే. జనం శకటాన్ని తగులబెట్టాకే కాల్చామన్నది ప్రభుత్వ కథనం. శకటాలు మనుషులను తొక్కాకే జనం తిరగబడ్డారన్నది రెండో కథనం. మృతులు అధికార లెక్కలో 20–30 మంది, జనం నోట వందలు.

ప్రభుత్వం జస్టిస్ సులైమాన్‌తో విచారణ జరిపించింది. కాంగ్రెస్ పక్షాన విఠల్‌భాయి పటేల్‌ను సరిహద్దు రాష్ట్రంలోకి రానివ్వలేదు. ఆయన రావల్పిండిలో కూర్చుని సాక్ష్యాలు సేకరించారు. ఆ నివేదికను నిషేధించారు. రెండు పత్రాల్లో ఒకటి బీరువాలో, ఒకటి నిషేధంలో ఉంటే తర్వాతి తరం చదివేది దేనిని?

ముహద్దిసులు ఉల్లేఖనం కన్నా ముందు ఉల్లేఖకుణ్ణి పరీక్షించేవారు. మనమూ అంకెలను పక్కనబెట్టి, చెప్పినవారికి ఏం లాభమో చూద్దాం. నిరాయుధులపై కాల్చబోమని గఢ్వాలీ సైనికులు నిరాకరించారు. వారు ఆ జనం మతస్థులు కారు, భాషవారు కారు. వారి నాయకుడు చంద్రసింగ్‌కు ఆ నిరాకరణ తెచ్చిపెట్టింది యావజ్జీవ శిక్ష.