మేడ తొడుక్కున్న చొక్కా

పిల్లలూ! దీపం మంట ఎప్పుడూ పైకే ఎందుకు పోతుందో కిందటి నెల చెప్పుకున్నాం గదా! వేడెక్కిన గాలి తేలికపడి పైకి పోతుంది, మంటను కూడా వెంట లాక్కుపోతుంది. ఆ చిన్న సంగతే ఒక పెద్ద మేడను ఏం చేసిందో ఈ నెల చెబుతాను.

లండన్ నగరంలో గ్రెన్‌ఫెల్ టవర్ అని 24 అంతస్తుల మేడ. దాన్ని 1974లో కట్టి ముగించారు. గోడలూ, శ్లాబులూ అంతా కాంక్రీటు. కాంక్రీటు అంటుకోదు. అందుచేత ఒక ఇంట్లో నిప్పు పుడితే అది ఆ ఇంట్లోనే ఉండిపోతుందనీ, మిగిలినవాళ్ళు తలుపు వేసుకుని ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండటమే క్షేమమనీ అక్కడివారికి చెప్పేవారు. మేడ మొత్తానికి ఉన్న మెట్లదారి కూడా ఒక్కటే. గోడలు కట్టినవి కట్టినట్టే ఉంటే ఆ సలహాలో తప్పేమీ లేదు.

కాని గోడలు అలా ఉండలేదు. 2016కల్లా ఆ మేడకు బయటినుంచి ఒక చొక్కా తొడిగారు. చలికి ఇళ్ళు వెచ్చగా ఉండాలి, చూడటానికి కూడా మేడ కొత్తగా కనిపించాలి. అందుకని కాంక్రీటుకు ప్లాస్టిక్ నురుగుతో చేసిన పలకలు బిగించారు. వాటి ముందు కొంచెం ఖాళీ వదిలారు. ఆ ఖాళీకి ఇవతల మెరిసే రేకులు తొడిగారు. రేకు అంటే వట్టి రేకు కాదు సుమా! అర మిల్లీమీటరు అల్యూమినియం పొరలు రెండు, వాటి మధ్య మూడు మిల్లీమీటర్ల పాలిథిన్. బజారు సంచుల్లో ఉండే పాలిథినే! కిలోకు కిలో తూచి కాలిస్తే అది ఇంచుమించు కిరసనాయిలంత వేడి పుట్టిస్తుంది.

2017 జూన్ 14న, రాత్రి ఒంటిగంట కావస్తూండగా, నాలుగో అంతస్తులో ఒక వంటగదిలో ఫ్రిజ్ దగ్గర నిప్పు పుట్టింది. మామూలుగా అయితే అది ఒక వంటగదితో పోవలసిన ప్రమాదం. కాని మంట కిటికీ పక్కగా బయటపడి చొక్కాను అందుకుంది. అరగంట తిరక్కుండా మేడ కొసకు చేరింది! అక్కడినుంచి నలువైపులా చుట్టుకున్నది. ఇళ్ళలోనే ఉండమన్న సలహా మార్చి, అందరూ బయటికి వచ్చెయ్యండని చెప్పేసరికి, మొదటి ఫోను వచ్చి దాదాపు రెండు గంటలయింది. మొత్తం 72 మంది పోయారు. అందులో 18 మంది పిల్లలు.

మీలో ఎవరైనా, "మంట పైకే పోతుందన్నారే, మరి కిందికీ పక్కకీ ఎలా పోయింది?" అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. పాలిథిన్ మైనంలాగా కరుగుతుంది. కరిగి మండుతున్న చుక్కలు కింది అంతస్తుల మీద పడ్డాయి. పడినచోటల్లా కొత్త మంట!

మరి పైకి అంత వేగంగా ఎలా పోయింది? మీ ఇంట్లో పాత లాంతరు ఉంటే దాని గాజు చిమ్నీని గుర్తు తెచ్చుకోండి. చిమ్నీ లేనప్పుడు అటూ ఇటూ ఊగే మంట, చిమ్నీ పెట్టగానే నిటారుగా లేస్తుంది. రేకులకూ పలకలకూ మధ్య వదిలిన ఖాళీ సరిగ్గా అలాంటి చిమ్నీయే. ఆ ఖాళీలో అక్కడక్కడ నిప్పు నాపే అడ్డుకట్టలు పెట్టాలి. పెట్టారు కూడా, కాని చాలాచోట్ల సరిగా అమర్చలేదు.

ఇంతకూ ఒక గోడ మంచిదో కాదో ముందే తెలుసుకోవటం ఎలా? ఆ వేసవిలోనే బ్రిటిషు ప్రభుత్వం ఏడు రకాల గోడలు కట్టించి పరీక్ష చేయించింది. ఎనిమిది మీటర్లకు పైగా ఎత్తున గోడ కట్టి, దాని అడుగున పొయ్యిలాంటి గూట్లో కట్టెలు పేర్చి అంటిస్తారు. గూటికి 5 మీటర్ల పైన వేడిని కొలిచే తీగలు ఉంటాయి. మంట అందుకున్న 15 నిమిషాలలోపల అక్కడి వేడి 600 డిగ్రీలకు మించి పెరిగి, అర నిమిషం అలాగే నిలిస్తే గోడ ఓడినట్టే.

పాలిథిన్ రేకులున్న గోడలు తొమ్మిది నిమిషాలు కూడా నిలవలేదు. ఇది మీరు ఊహించిందే. అసలు వింత మరొకటి ఉంది. కొంచెం కష్టంగా మండే మరో రకం రేకు తీసుకున్నారు. దాని వెనక రాతి ఉన్ని పెడితే గోడ గెలిచింది. రాతి ఉన్ని అంటే, రాతిని కరిగించి పీచుమిఠాయిలాగా తిప్పి తీసిన దారాలు. అదే రేకు వెనక ప్లాస్టిక్ నురుగు పెట్టేసరికి ఓడిపోయింది! రేకు మారలేదు, పొరుగు మారింది, అంతే. అంచేత రేకును ఒక్కదాన్నే చూసి ఇది మంచిది, ఇది చెడ్డది అనటానికి లేదు. గోడ మొత్తాన్నీ కలిపి చూడాలి.

అలా చూసే పద్ధతిని 2022లో ఒక పుస్తకంగా అచ్చువేశారు. దాని పేరు పాస్ 9980. పరీక్షకు వచ్చిన ఇంజనీరు మొదట మేడ పటాలు, కాగితాలు అన్నీ చదువుతాడు. చదివి ఊరుకోడు. ఎందుచేతనంటే, కాగితం మీద రాతి ఉన్ని అని రాసి ఉన్నా గోడలో నురుగు ఉండవచ్చు. పటంలో గీసిన అడ్డుకట్ట గోడలో అసలే లేకపోవచ్చు. మేడిపండు సంగతి మీకు తెలిసిందే గదా! అందుకని ఏ మూల ఏముందో అనుమానం వస్తే అక్కడ రేకు విప్పిస్తాడు, దీపం వేసి లోపల చూస్తాడు, ముక్క కోసి ప్రయోగశాలకు పంపుతాడు.

తరవాత మేడ చుట్టూ తిరుగుతాడు. ఎత్తు ఎంత? మెట్లదారులు ఎన్ని? వసారాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయా, వాటిలో చెక్క ఉందా? చెత్తడబ్బాలు, కార్లు గోడను ఆనుకుని ఉన్నాయా? ఇవన్నీ కలిపి అపాయం తక్కువ, మధ్యరకం, ఎక్కువ అని తేలుస్తాడు. కాలే వస్తువు కనబడిన ప్రతి గోడా పీకెయ్యమని ఆ పుస్తకం అనదు. నాకు అందులో నచ్చిన సంగతి అదే. ఒకే రకం గోడ పొట్టి మేడలో సరిపోవచ్చు, ఒకే మెట్లదారి ఉన్న పొడుగు మేడలో ప్రాణం తీయవచ్చు.

చివరకు విప్పిన రేకులు మళ్ళీ బిగించి, ఏ చోట విప్పితే లోపల ఏం కనబడిందో ఫొటోలతో సహా రాసి పెడతారు. ఈసారి వచ్చేవాడు ముందుగా ఆ కాగితమే అడుగుతాడు.