రబ్బరు వాషరు దొరక్క బండి మూలపడాలా?

పలాస (మా గ్రామీణ విలేఖరి): ఉద్దానం పల్లెల్లో పాత డీజిలు కార్లు, జీపులు నడుపుకుంటున్న వారికి ఒక చిన్న వస్తువు పెద్ద తలనొప్పిగా తయారైంది. అది ఇంజనూ కాదు, గేరుబాక్సూ కాదు. డీజిలు ఫిల్టరులో వేసే కాగితం ఎలిమెంటు, దానికి పైనా కిందా కూర్చునే రబ్బరు వాషర్లు. కాశీబుగ్గలో అడిగితే టెక్కలి వెళ్ళమంటారు. టెక్కలిలో అడిగితే శ్రీకాకుళం, కాదంటే బరంపురం చూడమంటారు. చివరకు విశాఖపట్నం ఆటోనగరే గతి అవుతోంది. వస్తువు ఖరీదు కంటే దారి ఖర్చు ఎక్కువ. ఆ రోజు సంపాదన పోవడం సరేసరి.

ఇంత పాత బండి ఎందుకు, అమ్మేసి కొత్తది కొనుక్కోరాదా అని పట్నవాసులు అడగవచ్చు. కొనగలిగిన వారు ఎప్పుడో కొన్నారు. మిగిలిన వారికి ఆ బండే జీవనాధారం. జీడిపిక్కల బస్తాలు పలాస చేర్చాలన్నా, కొబ్బరికాయలు, పనసకాయలు సంతకు తీసుకుపోవాలన్నా అదే దిక్కు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు సంగతి తెలియని ఇల్లు లేదు. పలాస, సోంపేట, కవిటిలలో డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఆసుపత్రి దగ్గరకు వచ్చినందుకు సంతోషమే. కాని వారానికి రెండు మూడు సార్లు రోగిని అక్కడికి చేర్చేది ఎవరు? తెల్లవారుజామున బస్సు రాని ఊళ్ళలో చాలామందికి అద్దె బండే శరణ్యం. ఆ బండి నడిదారిలో ఆగిపోతే నష్టం బండివాడిది మాత్రమే కాదు.

హిందూస్థాన్ మోటార్సు వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపర ఫ్యాక్టరీలో అంబాసిడరు తయారీని 2014 మే నెలలో నిలిపివేశారు. కమాండరు జీపు తయారీ అంతకు ముందే ఆగింది. ఫ్యాక్టరీ ఆగినా బండ్లు ఆగలేదు. వాటి సామాను దుకాణాల్లో అరల నుంచి ఒక్కొక్కటే మాయమవుతోంది.

డీజిలు ఇంజనుకు ఫిల్టరు ఎంత అవసరమో కొందరు యజమానులు గుర్తించడం లేదు. డీజిలును ఒత్తిడితో కొట్టే పంపులో ప్లంజరుకు, బ్యారెలుకు మధ్య ఉండే సందు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ సందులోకి ఇసుక నలుసు పోతే గీతలు పడతాయి, నీరు పోతే తుప్పు పడుతుంది. మనది సముద్రతీరం. ఉప్పుగాలికి ట్యాంకులు తొందరగా తుప్పు పడతాయి. పీపాల్లో నిలవ ఉంచిన డీజిలు అడుగున నీరు చేరుతుంది. కాబట్టి ఇక్కడి బండ్లకు ఫిల్టరు మరింత ముఖ్యం.

వాషరు సంగతీ అంతే. రబ్బరు పాతబడి గట్టిపడితే డీజిలు కారుతుంది, లేదా లోపలికి గాలి చొరబడుతుంది. బండి స్టార్టవుతుంది, రెండు ఫర్లాంగులు పోయి ఆగిపోతుంది. డ్రైవరు దిగి, గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయేదాకా డీజిలు వదిలి మళ్ళీ బయలుదేరతాడు. మర్నాడు మళ్ళీ అదే తంతు. చేతి పంపు కొట్టడం వైద్యం కాదు, ఉపశమనం మాత్రమే.

సామాను దొరకనప్పుడు జరుగుతున్న నాటు వైద్యాలు ఇంకా ప్రమాదకరం. సైకిలు ట్యూబు కత్తిరించి వాషరుగా వేస్తున్నారు. ఆ రబ్బరు డీజిలులో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. కాగితం ఎలిమెంటును కడిగి, ఆరబెట్టి మళ్ళీ బిగిస్తున్నారు. అది కడిగి వాడేది కాదు. కాగితం చిరిగితే మట్టి నేరుగా పంపులోకే పోతుంది. నకిలీ ఎలిమెంట్లు కొన్నవారి గతీ ఇదే. జిగురు ఊడి, కాగితం మడతలు విడిపోతున్నాయి. పంపు, ఇంజెక్టర్లు బాగుచేయించడానికి అయ్యే ఖర్చుతో ఎన్నో ఫిల్టర్లు కొనవచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

నిజానికి ఈ సామాను లోకంలో లేకుండా పోలేదు. దుకాణదారు 'ఏ బండి?' అని అడుగుతాడు. పేరు చెప్పగానే 'ఆ మోడలు ఆపేసినారు బాబూ' అంటాడు. అడగవలసింది 'ఏ సైజు?' అని. అర లీటరు గిన్నె ఫిల్టరు ఎన్నో ట్రాక్టర్లకు, జీపులకు ఉమ్మడిగా వచ్చింది. కారు సామాను కొట్టులో లేనిది పక్కనే ఉన్న ట్రాక్టరు సామాను కొట్టులో ఉండవచ్చు. అయితే అన్ని బండ్లకూ అదే పట్టదు. కొన్నిటికి ఎలిమెంటు మారుతుంది, కొన్నిటికి డబ్బా మొత్తం మారుతుంది. అందుచేత పాతది చేతపట్టుకుని వెళ్ళి ఎత్తు, వెడల్పు, నడిమి రంధ్రం, వాషరు మందం సరిచూసుకోవాలి. దాని మీది నెంబరు ఒక కాగితం మీద రాసి బండిలోనే ఉంచుకోవాలి. మైకో అని అడిగితే బాష్ అట్ట ఇచ్చారని కొందరు అనుమానపడుతున్నారు. 2008లో ఆ కంపెనీ పేరే బాష్‌గా మారింది. పేరు చూసి కంగారు పడనక్కర లేదు గాని, అతుకు, జిగురు, ముద్రణ మాత్రం పరీక్షగా చూడాలి.

ప్రభుత్వానికీ ఇందులో బాధ్యత ఉంది. పదిహేనేళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవడానికి ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. ఫీజు కట్టించుకుని, బండిని పరీక్షించి, తిరగవచ్చునని కాగితం ఇచ్చిన తర్వాత, ఆ బండికి మంచి సామాను దొరికేలా చూడవద్దా? కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో 'మరమ్మతు హక్కు' పేరిట ఒక వేదిక ప్రారంభించింది. ఆ హక్కు ఉద్దానం దాకా రావాలి. నకిలీ సామాను మీద తనిఖీలు జరగాలి. పొగ కక్కుతూ తిరిగే బండ్లను ఎవరూ వెనకేసుకు రానక్కర లేదు. సక్రమంగా ఉంచుకున్న బండికి సామాను దొరకకపోవడమే అన్యాయం.

అన్నిటికీ అధికారుల వైపే చూడనక్కర లేదు. పలాస, టెక్కలి సామాను వ్యాపారులు తలా ఒక పుస్తకం పెట్టి, అడిగిన వారి ఫిల్టరు నెంబర్లు రాసుకోవాలి. పదిమంది అడిగిన నెంబరు ఒకేసారి తెప్పిస్తే వారికీ నష్టం ఉండదు. బండ్ల యజమానులు తలా కొంత వేసుకుని ఎలిమెంట్లు, వాషర్లు ఒకచోట నిలవ ఉంచుకోవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. నీళ్ళు తోడుకోవడానికి డీజిలు జనరేటర్లే దిక్కయ్యాయి. వాటికీ ఫిల్టర్లు ఉంటాయి. మళ్ళీ తుపాను వచ్చి రోడ్లు మూసుకుపోయిన రోజున విశాఖపట్నం వెళ్ళి వాషరు తేవడం ఎవరి తరమూ కాదు. ఈ పని తుపానుల కాలానికి ముందే జరగాలి.