మాట కాదు, చలాన్ చూడండి

కామారెడ్డి, ఎల్లారెడ్డిలలో ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, మున్సిపాలిటీల్లో ఏజెన్సీ కింద పని చేస్తున్న ప్రతి ఒక్కరికీ ఇది హెచ్చరిక. జీతం ఆలస్యమైతే ఆ రోజే తెలుస్తుంది. మీ పేరున కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ ఆగిపోతే మాత్రం ఎవరూ వచ్చి చెప్పరు. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో ఎవరైనా ఆస్పత్రి పాలైనప్పుడో, అసలు మనిషే పోయినప్పుడో బయటపడుతుంది. అప్పటికి టెండరు చేతులు మారి ఉంటుంది, ఏజెన్సీ బోర్డు దిగిపోయి ఉంటుంది, ఫోన్ ఎత్తేవాడు ఉండడు. అందుకే ఈ వారంలోనే చూసుకోండి.

చిన్న ఏజెన్సీలో డబ్బు ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే కొంచెం లెక్క వేయాలి. 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 ప్రకారం రాష్ట్రంలో ఔట్‌సోర్సింగ్ జీతాలు మూడు మెట్లు: 15,600, 19,500, 22,750. కింది మెట్టు వాళ్లను ఇరవై మందిని పెట్టిన ఒక ఏజెన్సీని అనుకుందాం. నెల జీతాలు 3,12,000 రూపాయలు. పీఎఫ్‌ను 15,000 మీద లెక్కగడితే ఒక్కొక్కరి జీతంలో కోత 1,800. యజమాని తరఫున బీమా, నిర్వహణ ఖర్చులతో కలిపి కట్టాల్సింది 1,950. ఈఎస్ఐకి మీ వైపు 117, వాళ్ల వైపు 507. ఇరవై మందికీ కలిపితే నెలకు 87,480 రూపాయలు. ఆ సొమ్ము ఏజెన్సీ ఖాతాలోంచి పోతుందే గానీ అందులో ఒక్క రూపాయి కూడా ఏజెన్సీది కాదు.

మరి ఏజెన్సీది ఎంత? సర్వీస్ ఛార్జీ రెండు శాతం అనుకుంటే 6,240. ఆఫీసు అద్దె, కంప్యూటర్ మీద కూర్చునే పిల్లాడి జీతం, ఆడిటర్ ఫీజు, బిల్లు పట్టుకుని తిరిగే పెట్రోలు, అన్నీ అందులోంచే రావాలి. పైగా సర్కారు బిల్లు నెల నెలా రాదు. రెండు నెలలు ఆగిందంటే జీతాలకు, యజమాని వాటాలకు ఏడు లక్షల ఇరవై వేల పైచిలుకు సొంతంగా సర్దాలి. బయట అప్పు తెస్తే, నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరికినా (మన దగ్గర అది దయదలచి ఇచ్చినట్టే లెక్క) నెలకు పద్నాలుగు వేలు దాటుతుంది. సంపాదన ఆరు వేలు, వడ్డీ పద్నాలుగు వేలు. ఇలాంటి వ్యాపారం ఏ మార్వాడీ దుకాణంలోనూ ఒక్క నెల నడవదు. కానీ ఏజెన్సీలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. నష్టం ఎవరి నెత్తిన పడుతోందో ఊహించడం కష్టం కాదు.

మొదట పడేది పీఎఫ్ మీదే. జీతం ఆపితే మనుషులు ధర్నాకు కూర్చుంటారు, పేపర్లో ఫొటో వస్తుంది. పీఎఫ్ ఆపితే చప్పుడు ఉండదు. "బిల్లు కాలేదు తమ్మీ, అయినంక అంతా ఒక్కసారే పడ్తది" అంటారు. ఆ మాట అన్నవాడు అబద్ధమే చెబుతున్నాడని కాదు. కట్టేద్దామనే అనుకుంటాడు. కానీ వచ్చిన బిల్లు పాత అప్పుకే పోతుంది.

తర్వాత పడేది మనుషుల లెక్క మీద. కాగితం మీద ఇరవై మంది, డ్యూటీలో పదహారు మంది. ఇది జీతగాళ్ల సమస్యే కాదు, ఊరందరిదీ. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పారిశుద్ధ్యానికి పడక లెక్కన చెల్లిస్తారు. 2022లో దాన్ని నెలకు పడకకు 5,000 నుంచి 7,500 రూపాయలకు పెంచారు. పెంచడం మంచిదే. కానీ డబ్బు పడకను బట్టి వచ్చినా పని మనుషులు చేయాలి. ఒక మనిషిని తగ్గించిన ప్రతిసారీ కాంట్రాక్టరుకు ఒక జీతం మిగులుతుంది. ఆ లోటు హాజరు రిజిస్టర్‌లో కనబడదు. రాత్రి పూట రెండు వార్డులకు ఒకే ఆయమ్మ పరుగులు పెడుతున్నప్పుడు, స్ట్రెచర్ తోసే వాడు లేక రోగి కొడుకే తోస్తున్నప్పుడు కనబడుతుంది. 2023లో మెడికల్ కాలేజీ మొదలైన కామారెడ్డిలోనైనా, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మొదటి దిక్కయిన ఎల్లారెడ్డి ఆస్పత్రిలోనైనా డ్యూటీలో నిజంగా ఎంతమంది ఉన్నారన్న తనిఖీ సూపరింటెండెంట్లు నెలకోసారి చేయాలి. రిజిస్టర్ ముందు పెట్టుకుని కాదు, రాత్రి పదకొండుకు వార్డులో నిలబడి.

ఏజెన్సీలన్నీ దొంగలని మేము అనడం లేదు. డిగ్రీ చదివి, ఇంట్లో బంగారం కుదువబెట్టి ఏజెన్సీ పెట్టుకున్న కుర్రాళ్లు ఈ జిల్లాలో ఉన్నారు. నిజాయితీగా లెక్కగట్టి ఆరు శాతం అడిగినవాడికి టెండరు రాదు. సున్నాకు దగ్గరగా కోట్ చేసినవాడికి వస్తుంది. అంత తక్కువకు ఎలా చేస్తావని ఆ రోజు ఎవరూ అడగరు. సర్కారు సొమ్ము ఆదా చేశామని ఫైలు మీద రాసుకుంటారు. ఆదా అయిందన్న ఆ సొమ్మును అటెండరు పీఎఫ్‌లోంచి తీసుకుంటున్నామని మాత్రం రాయరు.

మన ఊళ్లలో పీఎఫ్ విలువ తెలియనివారు ఎవరూ లేరు. బీడీలు చుట్టే అమ్మలను అడగండి. పీఎఫ్ నంబరు ఉన్నవాళ్లకే బీడీ పింఛను 2,016 వస్తుంది. నంబరు లేని పక్కింటామె చేతులూ అన్నేళ్లూ ఆకు కత్తిరించినవే, ఆమెకు రాదు. అందుకే ఆ కార్డును చీరల పెట్టెలో పట్టాపాసు పుస్తకం పక్కన దాస్తారు. వాళ్ల కొడుకు కలెక్టరేట్‌లో డేటా ఎంట్రీ ఆపరేటర్. నీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) ఎంత అని అడిగితే "సార్ దగ్గర ఉంటది" అంటాడు. దుబాయ్ ఏజెంట్‌ను మాత్రం ఇదే పిల్లవాడు పది ప్రశ్నలు అడుగుతాడు. లైసెన్సు ఉందా, కంపెనీ ఏది, వీసా ఏది అని. మోసపోయినవాళ్ల కథలు విని నేర్చుకున్న జాగ్రత్త అది. ఊళ్లోని ఏజెన్సీని ఒక్క ప్రశ్నా అడగడు, ఎందుకంటే పని చేసేది సర్కారు ఆఫీసులో. కానీ జీతం ఇచ్చేది సర్కారు కాదు.

ఇప్పుడు చేయాల్సింది. ఉమంగ్ యాప్‌లో లేదా ఈపీఎఫ్ఓ సైట్‌లో మీ పాస్‌బుక్ తెరవండి. 15,000 వేతనంపై కట్టి ఉంటే ప్రతి నెల వరుసలోనూ మూడు అంకెలు ఉండాలి: మీ వాటా 1,800, యజమాని వాటా 550, పింఛను ఖాతాకు 1,250. ఒక నెల జీతం తాలూకు చందాను మరుసటి నెల 15లోగా కట్టాలి. నడుమ ఏ నెలైనా లేకపోతే ఆ నెల మీ జీతం చీటీ తీసి కోత పడిందో లేదో చూడండి. పడి ఉంటే దాన్ని ఆలస్యం అనకండి, మీ సొమ్ము వాడుకున్నారు. కోసిన పీఎఫ్ కట్టకపోవడాన్ని చట్టం నమ్మకద్రోహం నేరంగానే చూస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేకపోతే యూఏఎన్‌కు కలిపిన నంబరు నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి, చివరిసారి ఎంత పడిందో మెసేజ్ వస్తుంది. మెసేజ్ రాకపోతే మీ యూఏఎన్‌కు ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారో అడగండి. సూపర్‌వైజర్ తన నంబరే అందరికీ ఇచ్చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, ఎంత దగ్గరివాడైనా సరే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈపీఎఫ్ఓ సైట్‌లో సంస్థ పేరు కొట్టి వెతికితే ఆ ఏజెన్సీ ఏ నెలకు ఎంత కట్టింది, ఎంత మందికి కట్టింది అన్నది కనబడుతుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. మీ దగ్గర పని చేసేవాళ్లు ఇరవై, చలాన్‌లో పదకొండు అయితే మిగతా తొమ్మిది మందిలో మీరున్నారేమో చూసుకోండి. యూనియన్ నాయకులు, వార్డు కౌన్సిలర్లు, విలేకరులు కూడా ఈ పని చేయవచ్చు.

టెండరు మారి కొత్త ఏజెన్సీ వచ్చినప్పుడు పాత ఖాతాలో మీరు మానేసిన తేదీ నమోదైందో లేదో చూడండి. లేకుంటే పాత డబ్బు కదలదు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. రెండేళ్లకో ఏజెన్సీ మారే చోట కొత్తగా ఇంకో యూఏఎన్ ఇస్తామంటే ఒప్పుకోకండి, పాతదే కొనసాగించమనండి. ఈఎస్ఐ పరిమితి 21,000 కాబట్టి 22,750 మెట్టులో ఉన్నవాళ్లకు ఆ కార్డు ఉండదు, వాళ్లు ఆరోగ్య బీమా వేరే చూసుకోవాల్సిందే. మిగతావాళ్లు కార్డు చేతికి తెచ్చుకోండి. 2025 ఆగస్టు వరదల తర్వాత కామారెడ్డి కాలనీల్లో బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులకు ఆ రోజు ఏ ఇనుప ముక్కో దిగి ఉంటే అక్కరకొచ్చేది ఆ కార్డే. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే పీఎఫ్‌తో ముడిపడిన బీమా కింద కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. చందా కట్టకుండా, పేరు ఎక్కించకుండా వదిలేస్తే ఆ కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అధికారులకు ఒక మాట. కాంట్రాక్టరు కట్టకపోతే పీఎఫ్ బాధ్యత పని చేయించుకున్న ప్రధాన యజమానిదే. అంటే మీ ఆఫీసుదే. "అది ఏజెన్సీ చూసుకోవాలి" అన్న జవాబు చెల్లదు. గత నెల చలాన్, అందులోని పేర్ల జాబితా జత చేయనిదే ఈ నెల బిల్లు ట్రెజరీకి పంపకండి. బిల్లు మీ దగ్గరే ఆగి ఉంటే ఎన్నాళ్లుగా ఆగిందో కూడా ఫైలు మీద రాయండి, ఎందుకంటే ఏజెన్సీని అప్పులోకి నెట్టేది ఆ ఆలస్యమే. పక్క రాష్ట్రంలో 2020లో మధ్యవర్తులను తీసేసి ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా జీతాలిచ్చే పద్ధతి పెట్టారు. దాని లోపాలు దానికి ఉన్నాయి. అయినా మధ్యలో కమీషన్ తినే చెయ్యి లేకుండా జీతం ఇవ్వడం అసాధ్యం కాదని అక్కడ తేలింది.

పాస్‌బుక్‌లో నెలలు ఖాళీగా కనబడితే ఒంటరిగా సూపర్‌వైజర్‌తో తగువు పెట్టుకోకండి, మరునాడే డ్యూటీ మార్చేస్తారు. ఒకే ఏజెన్సీ వాళ్లు నలుగురైదుగురు కలిసి నిజామాబాద్ పీఎఫ్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఒక కాపీ జిల్లా కలెక్టర్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. పీఎఫ్ అధికారులు ప్రతి నెలా 27న 'నిధి ఆప్కే నికట్' పేరుతో జిల్లాల్లో శిబిరం పెడతారు, ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినాన ఉంటుంది. ఈ నెల ఎక్కడ పెడుతున్నారో ముందే కనుక్కుని ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మూడు నెలల జీతం స్టేట్‌మెంట్, డ్యూటీ ఐడీ కార్డు జిరాక్స్ పట్టుకుని వెళ్లండి.