పెట్టె మార్చడమా, పెట్టె విప్పడమా?

లారీ పికప్ తీస్తలేదంటే ఒకప్పుడు ఉస్తాద్ పంపు విప్పేవాడు. ప్లంజర్ అరిగిందా, గవర్నర్ స్ప్రింగు సడలిందా, నాజిల్ కారుతోందా అని చూసి, టెస్ట్ బెంచి మీద పెట్టి సరిచేసేవాడు. అది వేళ్ళతో, చెవితో నేర్చిన విద్య. ఇప్పుడు డీజిల్ ఎప్పుడు, ఎంత కొట్టాలో తేల్చేది ఒక సీలు వేసిన ఎలక్ట్రానిక్ పెట్టె. 2017 ఏప్రిల్లో బి.ఎస్. 4, 2020 ఏప్రిల్లో బి.ఎస్. 6 ప్రమాణాలు దేశమంతటా వచ్చాక ఈ పెట్టెను తప్పించుకునే దారి లేకపోయింది. అంబర్‌పేట నుంచి ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డెక్కే లారీ అయినా, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సరుకు దించే లారీ అయినా దాని ప్రాణం ఆ పెట్టెలోనే.

బండి మొరాయిస్తే వినిపించే మాట ఒక్కటే: "మాడ్యూల్ పోయిందన్నా, కొత్తది వెయ్యాలె."

నా పేచీ ఈ మాటతోనే. పోయింది పెట్టేనని ఎవరు తేల్చారు? స్కానర్ చూపే కోడు ఫలానా సర్క్యూట్లో లోపమున్నదని చెబుతుందే గాని, ఆ లోపం తీగలో ఉన్నదా, సెన్సార్లో ఉన్నదా, పెట్టెలో ఉన్నదా అన్నది చాలాసార్లు చెప్పలేదు. ఎర్త్ తీగ తుప్పు పట్టినా, సెల్ఫ్ కొట్టేటప్పుడు 24 వోల్టుల సప్లై కుంగిపోయినా, కనెక్టర్ పిన్నులు నీళ్ళు తగిలి పచ్చబారినా బండి అచ్చం పెట్టె పోయినట్టే వేషాలు వేస్తుంది. ముందు ఒక మల్టీమీటర్ తీసుకుని ఇవి చూడాలి కదా!

సరే, పెట్టే పోయిందనుకుందాం. లోపలున్నది బ్రహ్మపదార్థం కాదు. ఇంజెక్టర్ సోలినాయిడ్ చటుక్కున తెరుచుకోవాలంటే బ్యాటరీ వోల్టేజీ చాలదు. దాన్ని పెంచి, కెపాసిటర్లో నిల్వ చేసి, ఒక్క దెబ్బతో వదులుతారు. ఆ కెపాసిటర్ ఎండిపోతుంది, డ్రైవర్ ట్రాన్సిస్టర్ కాలుతుంది, అదురుకు టంకం చిట్లుతుంది. బ్యాటరీ తీగలు విప్పకుండా బాడీకి వెల్డింగ్ పెట్టి పెట్టెను చంపుకోవడం మరొకటి. వీటిలో చాలావాటిని మన థర్డ్ ఇయర్ కుర్రాడు పట్టుకోగలడు.

అమెరికాలో 1994 నుంచి జనరల్ మోటార్స్ 6.5 లీటర్ల డీజిల్ ఇంజన్లకు పంపు మీదనే డ్రైవర్ మాడ్యూల్ బిగించారు. ఇంజను వేడికి అది మాటిమాటికీ పోయేది. బండివాళ్ళు చేసిన పనేమిటి? కొత్త మాడ్యూల్‌ను అల్యూమినియం హీట్ సింక్ మీద బిగించి, తీగలు పొడిగించి, గాలి తగిలే చోటికి మార్చుకున్నారు. రోగమెక్కడో తెలిస్తే వైద్యం అంత సులువు.

పెట్టె తెరవనిస్తే పొగ నియంత్రణను తీసేస్తారని కంపెనీల వాదన. అందులో నిజం లేకపోలేదు, అలాంటి ఘనులూ ఉన్నారు. కాని ప్రోగ్రాం జోలికి పోవడం వేరు, కాలిన ట్రాన్సిస్టర్ మార్చడం వేరు. విడిభాగాలు, పరీక్షా సాధనాలు బయటి మెకానిక్కులకు అందనీయడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా విధించింది. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కమిటీ వేసింది. చట్టం వచ్చేదాకా లారీ ఆగుతుందా?

1929లో పుట్టిన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ అంబర్‌పేటకు ఎంత దూరం? ఇ.సి.ఐ.ఎల్. 1967 నుంచి ఉన్న ఈ తూర్పు హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ పరాయి విద్యా? కాబట్టి మెకానికల్, ఎలక్ట్రానిక్స్ శాఖల మిత్రులకు నా ప్రతిపాదన: ఈ ఏడు ఒక ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు తగ్గించి, ఒక టెస్ట్ బెంచి కట్టండి. 24 వోల్టుల సప్లై, క్రాంక్ సెన్సార్ సిగ్నల్‌ను అనుకరించే చిన్న సర్క్యూటు, నాలుగు పాత ఇంజెక్టర్లు, ఒక ఆసిలోస్కోపు. శనివారం సాయంత్రాలు లాబ్ తలుపులు ఉస్తాదులకు తెరవండి. పెట్టెలు వాళ్ళు తెస్తారు, పాత ఇంజెక్టర్లు కూడా వాళ్ళ దగ్గరే దొరుకుతాయి.