దిమ్మెకో నంబరు

1965 అక్టోబరు నాటి ఆ ఫొటోలో ఈజిప్టు ఫారో రెండో రామ్సెస్ రాతి విగ్రహం ముఖం ఒక్కటే, చెవుల ముందు దాకా కోసిన ముఖం, క్రేను తాళ్లకు వేలాడుతుంటుంది. చుట్టూ ఉన్న పనివాళ్లు దాని ముందు పిల్లల్లా కనిపిస్తారు. దేశాలన్నీ ఒక్కటై చేసిన పని ఏదంటే నేటికీ పత్రికలు ఈ బొమ్మే వేస్తాయి. వేయదగ్గదే. ఆస్వాన్ హైడ్యాం కడితే అబూ సింబెల్ ఆలయాలు మునిగిపోతాయని ఈజిప్టు మొరపెట్టుకుంటే, 1960 మార్చిలో యునెస్కో ప్రపంచాన్ని సాయం అడిగింది. 1964 నుంచి 1968 దాకా గుళ్లను వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి, 65 మీటర్ల ఎత్తున మళ్లీ పేర్చారు. రంపం పట్టినవాళ్లలో ఇటలీలోని కరారా పాలరాతి పనివాళ్లూ ఉన్నారు. సుమారు 4 కోట్ల డాలర్ల ఖర్చులో సగం దాకా 50 దేశాలు భరించాయి. ఆనకట్టకు సోవియట్ సాయం, గుడికి అమెరికా డబ్బు! ప్రచ్ఛన్న యుద్ధం నడుమ ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఆ ఆనకట్ట జలాశయం ముంచబోయింది గుళ్లను మాత్రమే కాదు. ఈజిప్టు వైపు నైలు ఒడ్డు వాసులైన నూబియన్లు 50 వేల మంది దాకా 1963–64లో ఊళ్లొదిలి కోం ఓంబోకు తరలారు. సూడాన్‌లో వాడీ హల్ఫా వాసులదీ అదే గతి. వాళ్ల కోసం అలాంటి పిలుపు వెలువడలేదు. క్రేనుకు అందేది, కెమెరాకు నిండుగా కనబడేది ఏదో, దాని దగ్గరే దేశాలు సులువుగా చేతులు కలిపాయి. ఫొటోలే లేకపోతే చందాలు ఎక్కడివి అంటారు. నిజమే, ఆ మాట కాదనలేం. మనుషులను ఎవరూ ఫొటో తీయలేదా అంటే, తీశారు. అబూ సింబెల్ పనులను నేషనల్ జియోగ్రాఫిక్‌కు చిత్రించిన స్విస్ ఫొటోగ్రాఫర్ గియోర్గ్ గెర్‌స్టర్ నూబియన్లనూ చిత్రించాడు. ఆ బొమ్మలు మానవశాస్త్ర గ్రంథంలోకి చేరాయి, గుడి బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి. తప్పు కెమెరాది కాదు, బొమ్మలు ఏరినవాళ్లది.

గుడి లోకానిది, నిర్వాసితుల బాగోగులు ప్రభుత్వానివి అన్నది ఇంకో వాదన. అది చట్టానికి సరిపోతుంది. కానీ గుడిని ముంచబోయిందీ ఆ ప్రభుత్వం కట్టిన ఆనకట్టే కదా! అక్కడ లోకం ఇది ఈజిప్టు ఇంటి వ్యవహారమని తప్పుకోలేదు. విదేశీ చందాల ఊసే లేని మన నాగార్జునకొండలోనూ వరస ఇంతే. 1954–60 మధ్య తవ్వి తీసిన కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ చేర్చిన ముచ్చట మనకు తెలుసు, ముంపు గ్రామాల పేర్లు ఎందరికి తెలుసు? అబూ సింబెల్‌లో ప్రతి దిమ్మెకూ నంబరు వేశారు, ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో అలాగే మళ్లీ నిలబెట్టారు. కోం ఓంబోలో మాత్రం కుటుంబంలో తలలు లెక్కపెట్టి, అన్ని గదుల ఇల్లు ఇచ్చారు. నైలు ఒడ్డున గోడలకు పింగాణీ పళ్లేలు పొదుగుకుని పక్కపక్కనే బతికిన చుట్టాలు తలో వీధిలో పడ్డారు.